టింబర్ మిల్లే తోట దగ్గరికొస్తే.. హైడ్రాలిక్ పోర్టబుల్ సామిల్లు కొనాలా? అనంతపురం రైతు ముందు చూడాల్సిన లెక్కలివే!

అనంతపురం రైతుకు గట్టు మీది చెట్టంటే బీమా లాంటిది. వాన మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయినా.. వేప, చింత, తుమ్మ మాత్రం నిలబడే ఉంటాయి. బోరు అప్పు తీర్చాలన్నా, ఇంట్లో పెళ్లి చేయాలన్నా ఆ చెట్టే అక్కరకొస్తుంది. కానీ అమ్మేటప్పుడు చాలామందికి చేతికొచ్చేది కట్టెల రేటే! అదే దుంగ టౌన్‌కు పోయి, పలకలుగా, దర్వాజా చెక్కలుగా మారిందంటే రేటు మారిపోతుంది. మధ్యలో జరిగేది ఒక్కటే.. కోత.

ఆ కోత తోట దగ్గరే జరిగితే? ఈ ఆలోచనతోనే పోర్టబుల్ సామిల్లుల మీద ఆసక్తి పుడుతోంది. యూట్యూబ్‌లో ఈ మిషన్ల వీడియోలకు కొదవే లేదు. లివర్ నొక్కగానే టన్ను దుంగ దానంతటదే మిషన్ ఎక్కుతుంది, తిరుగుతుంది, నిమిషాల్లో పలకలైపోతుంది. చూస్తే కొనేయాలనిపిస్తుంది. అయితే అప్పు చేసి లక్షలు పెట్టే ముందు మూడు ప్రశ్నలకు జవాబు ఉండాలి. దుంగ బరువెంత? రోజుకు ఎన్ని దుంగలు దొరుకుతాయి? లైసెన్సు వస్తుందా? ఈ మూడూ తేలితే ఏ మిషన్ అనేది దాదాపు తేలిపోయినట్టే. అదెలాగో చూద్దాం..

అసలీ పోర్టబుల్ సామిల్లు అంటే ఏంటి?

టౌన్‌లోని సామిల్లులో రంపం ఒకచోట బిగించి ఉంటుంది, దుంగను దాని మీదికి తోస్తారు. పోర్టబుల్ మిల్లులో ఇది తిరగబడుతుంది. దుంగ కదలదు, రంపమే పట్టాల మీద ముందుకు వస్తుంది. ఇనుప చట్రం మీద దుంగను పడుకోబెట్టి బిగిస్తారు. ఇంజిన్, రెండు చక్రాలు, వాటి మీద బెల్టులా తిరిగే బ్యాండ్ బ్లేడు ఉన్న తల దుంగ మీదుగా వెళ్తూ ఒక్కో పలకను కోస్తుంది. మొత్తం మిషన్‌ను ట్రాలీలా ట్రాక్టర్‌కో, జీపుకో తగిలించి లాక్కెళ్లొచ్చు.

ఈ రకం మిషన్లలో ప్రపంచవ్యాప్తంగా పేరున్నది వుడ్‌మైజర్. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1982లో మొదలైన కంపెనీ ఇది. కెనడాకు చెందిన నార్‌వుడ్ కూడా ఇదే తరహా మిషన్లు చేస్తోంది. ఆస్ట్రేలియాకు చెందిన లూకాస్, న్యూజిలాండ్‌కు చెందిన పీటర్సన్ కంపెనీలవి వేరే పద్ధతి. వాటిలో బ్యాండ్ బ్లేడు కాదు, అడ్డంగానూ నిలువుగానూ తిరిగే గుండ్రటి రంపం ఉంటుంది.

హైడ్రాలిక్ చేసేది కోత కాదు!

చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. హైడ్రాలిక్ మిషన్ అంటే వేగంగా కోసే మిషన్ అనుకుంటారు. నిజానికి బ్లేడును తిప్పేది ఇంజినో, మోటారో. హైడ్రాలిక్ పని దుంగను ఎత్తడం, తిప్పడం, బిగించడం. ట్రాక్టర్ లిఫ్టు, టిప్పర్ ట్రాలీ ఎలా పనిచేస్తాయో ఇదీ అంతే. పంపు ఆయిల్‌ను ఒత్తిడితో తోస్తుంది, ఆ ఒత్తిడికి సిలిండర్ రాడ్ ముందుకొస్తుంది, దుంగ కదులుతుంది.

మామూలుగా హైడ్రాలిక్ మిల్లులో నాలుగు పనులుంటాయి. నేల మీదున్న దుంగను ఎత్తి చట్రం మీద వేసే చేతులు మొదటిది. దుంగను పక్కకు తిప్పే టర్నర్ రెండోది. కదలకుండా పట్టుకునే క్లాంప్ మూడోది. ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా ఉండే దుంగను సమంగా నిలబెట్టే చిన్న జాకీలు నాలుగోది. ఈ నాలుగూ చేత్తో చేసే మిషన్ కూడా అదే బ్లేడుతో, అదే ఇంజిన్‌తో అంతే నున్నగా పలక కోయగలదు. అంటే అదనంగా డబ్బు పెట్టేది పలక నాణ్యతకు కాదు.. నడుము నొప్పి లేకుండా, టైమ్ పోకుండా ఉండటానికి.

దుంగ బరువే అసలు లెక్క

ఇప్పుడు బరువు సంగతి. అడుగు మందం, 8 అడుగుల పొడవున్న దుంగ తీసుకుందాం. దాని ఘనపరిమాణం సుమారు 6.28 ఘనపుటడుగులు, అంటే 6.28 సీఎఫ్‌టీ. పచ్చి కట్టె బరువు దాదాపు నీళ్ల బరువంత అనుకుంటే ఈ దుంగ 180 కిలోల దాకా తూగుతుంది. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక గడ్డపార ఉంటే దొర్లించేయొచ్చు.

అదే 8 అడుగుల పొడవు, మందం మాత్రం రెండడుగులు అయితే? బరువు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. 25 సీఎఫ్‌టీ పైనే.. అంటే 700 కిలోలు దాటుతుంది. చింత లాంటి బరువైన కట్టె అయితే ఇంకా ఎక్కువే. ఈ దుంగను చట్రం మీద గడ్డపారలతో తిప్పడమంటే ప్రాణాలతో చెలగాటమే. జారితే కాలు పోతుంది.

పైగా ఒక్కసారి తిప్పితే సరిపోదు. గుండ్రటి దుంగను నాలుగు వైపులా చదును చేయాలంటే కనీసం మూడుసార్లు తిప్పాల్సిందే. రోజుకు 10 దుంగలు కోస్తే 30 సార్లు. ఒక్కో తిప్పుడుకు నాలుగు నిమిషాలు పట్టిందనుకుంటే రోజులో రెండు గంటలు దుంగలు తిప్పడానికే పోతాయి. రోజుకు రెండు మూడు దుంగలే ఉంటే మాత్రం ఆ నష్టం అరగంట దాకానే. దానికోసం లక్షలు పోయాల్సిన పనిలేదు.

కాబట్టి సూత్రం సింపుల్. ఎక్కువ దుంగలు అడుగు మందం లోపలే ఉంటే, రోజుకు నాలుగైదుకు మించకపోతే చేత్తో తిప్పే మిషన్ చాలు. అడుగున్నర, రెండడుగుల దుంగలు రోజూ వస్తుంటే హైడ్రాలిక్ విలాసం కాదు.. అవసరం.

ఏది ఎవరికి? నాలుగు దారులు

మొదటిది చైన్ సా మిల్లు. చెట్లు కొట్టే చైన్ సాకే ఒక ఫ్రేమ్ బిగించి పలకలు కోయడం. అన్నింటికంటే చవక. కానీ చైన్ మందం ఎక్కువ. ఒక్కో కోతకు దాదాపు 8 మిల్లీమీటర్ల కట్టె పొట్టుగా పోతుంది. బ్యాండ్ బ్లేడు కోతలో పోయేది 2 మిల్లీమీటర్ల చిల్లరే. అడుగు మందానికి చదును చేసిన దిమ్మె నుంచి అంగుళం పలకలు తీస్తే బ్యాండ్ మిల్లులో 11 వస్తాయి, చైన్ సాతో 9 మాత్రమే వస్తాయి. ఏడాదికి ఒకటీ రెండు చెట్లు సొంత ఇంటికి కోసుకునే వారికి ఇది ఓకే. వ్యాపారానికి మాత్రం రెండు పలకలు పొట్టు కింద పోసినట్టే.

రెండోది చేత్తో తిప్పే బ్యాండ్ మిల్లు. వుడ్‌మైజర్ ఎల్‌టీ15 లాంటి మోడళ్లు ఈ కోవలోవి. తల ముందుకు తోయడం, దుంగ తిప్పడం మనిషి పని. ప్లాంటేషన్ కట్టెకు, అంటే మలబార్ వేప, నీలగిరి, పలచన చేసే టేకు లాంటి సన్నటి దుంగలకు ఇది బాగా సరిపోతుంది.

మూడోది హైడ్రాలిక్ బ్యాండ్ మిల్లు. వుడ్‌మైజర్ ఎల్‌టీ40 హైడ్రాలిక్ ఈ తరగతిలో బాగా తెలిసిన మోడల్. 36 అంగుళాల మందం దాకా దుంగలు పట్టేలా దీన్ని తయారుచేశారు. పాత మామిడి తోటలు, చింత చెట్లు, వేలంలో కొన్న పెద్ద వేపలు కోసేవారికి, ఊరూరా కూలికి కోసి పెట్టాలనుకునే వారికి ఇది పనికొస్తుంది.

నాలుగోది స్వింగ్ బ్లేడు మిల్లు. లూకాస్, పీటర్సన్ కంపెనీలవి ఇవే. ఇందులో దుంగను ఎత్తాల్సిన పనిలేదు, తిప్పాల్సిన పనీ లేదు. పడిన చోటే దుంగ చుట్టూ పట్టాలు నిలబెట్టి కోసేయొచ్చు. అందుకే దీనికి హైడ్రాలిక్ ఊసే అక్కర్లేదు. లారీ వెళ్లలేని వంకలో, గుట్ట పక్కన పడిన పెద్ద చెట్టుకు ఇది మంచి మార్గం. అయితే గుండ్రటి రంపం కాబట్టి పొట్టు ఎక్కువ పోతుంది. పలక వెడల్పుకూ హద్దు ఉంటుంది.

జేసీబీ ఉంటే లోడర్ ఎందుకు?

హైడ్రాలిక్ కొనాలని నిర్ణయించుకున్నా అన్ని ఆప్షన్లూ తీసుకోవాల్సిన పనిలేదు. ఇక్కడ ఊరి పరిస్థితి చూసుకోవాలి. దుంగను చట్రం మీదికి ఎక్కించే పని ట్రాక్టర్ చేస్తుంది. జేసీబీ అయితే గంటల లెక్కన దాదాపు ప్రతి మండలంలోనూ దొరుకుతుంది. ఉదయం ఒక గంట పిలిపించి రోజుకు సరిపడా దుంగలు మిషన్ పక్కన దిమ్మెల మీద పేర్చుకుంటే, అక్కణ్నుంచి చట్రం మీదికి దొర్లించుకోవచ్చు. లోడర్ చేతులు లేకపోయినా పని ఆగదు.

కానీ తిప్పే పని అలా కాదు. ప్రతి నాలుగైదు కోతలకు ఒకసారి దుంగ తిరగాలి. దానికోసం జేసీబీని రోజంతా పక్కన నిలబెట్టుకోలేరు. అందుకే డబ్బు తక్కువైనప్పుడు మొదట వదులుకోవాల్సింది లోడర్‌ను.. చివరి దాకా వదులుకోకూడనిది టర్నర్‌ను, క్లాంప్‌ను.

టర్నర్లలోనూ రెండు రకాలు. ఒకటి గొలుసు టర్నర్. పళ్లున్న గొలుసు తిరుగుతూ దుంగను దొర్లిస్తుంది. పెద్ద దుంగలకు, వంకర దుంగలకు ఇది బాగుంటుంది. రెండోది క్లాంపే పైకి లేచి దుంగను తిప్పే రకం. భాగాలు తక్కువ, రిపేరు తక్కువ. మధ్యరకం దుంగలకు ఇది చాలు.

ఇంకో ముఖ్యమైన తేడా పంపు. కొన్ని మోడళ్లలో హైడ్రాలిక్ పంపు బ్యాటరీ మీద నడిచే మోటారుతో పనిచేస్తుంది. ఇది చవకే కానీ, వెంట వెంటనే పెద్ద దుంగలు తిప్పితే బ్యాటరీ నీరసపడుతుంది, పని మందగిస్తుంది. ఇంకొన్నింటిలో ఇంజినే నేరుగా పంపును తిప్పుతుంది. వేగం ఎక్కువ, ధరా ఎక్కువే. రోజంతా కూలికి కోసే వారికి రెండోది మేలు. సొంత తోటకైతే మొదటిది సరిపోతుంది.

కరవు నేల కట్టె.. బ్లేడుకు అగ్ని పరీక్ష

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏటా సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వానే. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాగా వేరుపడిన పుట్టపర్తి, కదిరి, పెనుకొండ వైపు కూడా కరవు తెలిసిన నేలే. ఇక్కడ చెట్టు నిదానంగా పెరుగుతుంది. నల్లతుమ్మ, చింత చేవ అసలే గట్టిది. దానికి తోడు బోర్లు ఎండి నిలువునా చచ్చిపోయిన మామిడి చెట్టునో, చింతనో ఏడాది తర్వాత కోస్తే రాయిని కోసినట్టే ఉంటుంది.

మిషన్‌తో వచ్చే బ్లేడు మెత్తటి కట్టె కోసం చేసింది అయి ఉండొచ్చు. బ్లేడు పన్ను ఎంత ముందుకు వాలి ఉందన్నది ఇక్కడ కీలకం. మెత్తటి కట్టెకు 10 డిగ్రీల వాలు వాడతారు. గట్టి కట్టెకు 7 డిగ్రీలు, ఎండిపోయిన గట్టి కట్టెకు 4 డిగ్రీలు బాగా పనిచేస్తాయి. తప్పు బ్లేడు వేస్తే కోత అలలు అలలుగా వస్తుంది, పలక రేటు పడిపోతుంది. తప్పు మిషన్‌ది కాదు, బ్లేడుది. అందుకే కొనేటప్పుడే సాన పట్టే మిషన్, పళ్లు వంచే సెట్టర్ గురించి అడగాలి. సాన కోసం ప్రతిసారీ బెంగళూరుకు పంపాల్సి వస్తే లాభం దారిలోనే పోతుంది.

రోడ్డు పక్క చెట్లు వేలంలో కొనేవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. వాటిలో మేకులు, తీగలు, బోర్డులు కొట్టిన సీలలు ఉంటాయి. ఒక్క మేకు తగిలినా బ్లేడు పోయినట్టే. చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టర్ ఇక్కడ ఖర్చు కాదు, పొదుపు.

కోసేటప్పుడు బ్లేడు మీద బొట్లు బొట్లుగా నీళ్లు పడాలి. లేదంటే తుమ్మ, వేపల జిగురు అంటుకుని బ్లేడు వేడెక్కుతుంది. నీళ్ల కరవు ఉన్న ఊళ్లోనూ దీనికి బెంగ అక్కర్లేదు. ధార కాదు, బొట్లే కాబట్టి క్యాన్లతో తెచ్చుకున్నా సరిపోతుంది. పలకలు కోశాక మాత్రం ఎండలో పడేయకూడదు. ఇక్కడి వేడిగాలికి చివర్లు గంటల్లో పగులుతాయి. చివర్లకు పాత పెయింట్ పూసి, మధ్యలో సన్నటి కర్రలు పెట్టి, నీడలో పేర్చాలి. కోతలో సంపాదించింది ఎండబెట్టడంలో పోగొట్టుకోవడం చాలాచోట్ల జరిగేదే.

ఎండ, దుమ్ము.. హైడ్రాలిక్‌కు రెండు శత్రువులు

చాలా మోడళ్లు పుట్టింది చలి దేశాల్లో. అక్కడ పల్చటి ఆయిల్ పోస్తారు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే అనంతపురం ఎండకు ఆ ఆయిల్ ఇంకా పల్చబడి, ఒత్తిడి తగ్గుతుంది. ఎత్తిన దుంగ మెల్లగా కిందికి జారుతుంది. వేడి ప్రాంతానికి ఏ గ్రేడు ఆయిల్ వాడాలో కంపెనీ పుస్తకంలో చూసి అదే పోయించాలి. సిలిండర్ రాడ్ మీద దుమ్ము, పొట్టు పేరుకుంటే సీళ్లు గీసుకుపోతాయి. సాయంత్రం గుడ్డతో తుడవడం చిన్న పనే, సీలు మార్చడం పెద్ద ఖర్చు.

ఊరటనిచ్చే విషయం ఒకటుంది. హైడ్రాలిక్ పైపులు, సీళ్లు అరుదైన వస్తువులేం కాదు. జేసీబీలు, టిప్పర్లు బాగు చేసే చోట పైపు కొలత ప్రకారం ప్రెస్ చేసిస్తారు. 44వ నంబరు జాతీయ రహదారి మీదున్న జిల్లా కాబట్టి ఈ మెకానిక్‌లకు కొరత లేదు. దొరకనిది మాత్రం కంపెనీ సొంత ఎలక్ట్రానిక్ కంట్రోల్ బోర్డు. అందుకే ఈ నేలకు కంప్యూటర్ సెట్టింగ్‌ల కంటే లివర్‌తో నడిచే సాదా మోడలే మేలు.

లైసెన్సు లేకుంటే మిషన్ షెడ్డుకే!

ఇక అన్నింటికంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం. చక్రాలున్నాయి కదా, ఊరూరా తిరుగుతుంది కదా.. దీనికి సామిల్లు లైసెన్సు ఎందుకు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. గోదావర్మన్ కేసులో 1996 నుంచి సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో దేశమంతటా సామిల్లుల మీద కట్టుదిట్టమైన నియంత్రణ వచ్చింది. 2016లో కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ కలప ఆధారిత పరిశ్రమల మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం రాష్ట్ర స్థాయి కమిటీ కలప లభ్యతను చూసి అనుమతులను పరిశీలిస్తుంది. అటవీ సరిహద్దు నుంచి దూరం కూడా లెక్కలోకి వస్తుంది. సాధారణంగా 10 కిలోమీటర్ల లోపు సామిల్లుకు అనుమతి కష్టం.

లైసెన్సు అక్కర్లేని చిన్న యూనిట్ల గురించి కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. కానీ ఆ మినహాయింపు కోసిన కలప, ప్లైవుడ్, వెదురు లాంటివి వాడేవాటికి. అదీ బ్యాండ్ సా, రీ సా, 30 సెంటీమీటర్లు దాటిన గుండ్రటి రంపం లేకపోతేనే. పోర్టబుల్ బ్యాండ్ మిల్లు పేరులోనే బ్యాండ్ ఉంది.. పైగా అది కోసేది దుంగల్ని!

పక్కనే కడప, చిత్తూరు వైపు ఎర్రచందనం అడవులున్నాయి. స్మగ్లింగ్ భయంతో అధికారుల నిఘా ఎక్కువ. అనుమతి లేని రంపం మిషన్ పొలంలో కనిపిస్తే ఏ కట్టె కోశావన్న ప్రశ్న తప్పదు. అందుకే అడ్వాన్సు కట్టే ముందే జిల్లా అటవీ అధికారి కార్యాలయంలో అర్జీ పెట్టి, రాతపూర్వక జవాబు తీసుకోవాలి. ఆ అర్జీలో రెండు విషయాలు స్పష్టంగా అడగాలి. సొంత తోట కట్టె మాత్రమే కోస్తే రూల్ ఏంటి? ఊళ్లు తిరిగి కోస్తే ఏంటి? షోరూం వాళ్ల నోటిమాట దీనికి పనికిరాదు.

మిషన్ సంగతి ఇలా ఉంటే చెట్టు సంగతి వేరే. పట్టా భూమిలో చెట్టయినా కొట్టాలంటే వాల్టా చట్టం 2002 కింద అనుమతి చూసుకోవాలి. వేగంగా పెరిగే కొన్ని జాతులకు సడలింపులున్నాయి. ఆ జాబితాలో తన చెట్టు ఉందో లేదో రైతు ముందే కనుక్కోవాలి. ఎర్రచందనం, శ్రీగంధం వేసినవారికి నిబంధనలు ఇంకా కఠినం. కట్టె తరలింపు పర్మిట్ల కోసం 2023 డిసెంబర్‌లో కేంద్రం జాతీయ ట్రాన్సిట్ పాస్ విధానాన్ని దేశవ్యాప్తంగా ప్రారంభించింది.

కరెంటు విషయంలోనూ ఒక మాట. పంపుసెట్టుకు ఇచ్చే ఉచిత వ్యవసాయ కరెంటుతో మిల్లు నడపడం కుదరదు. వేరే కనెక్షన్ తీసుకోవాలి. లేదా డీజిల్, పెట్రోల్ ఇంజిన్ మోడల్ ఎంచుకోవాలి.

డబ్బు లెక్క.. కాగితం మీద ఒక్కసారి

ఇప్పుడు అసలు ప్రశ్న. హైడ్రాలిక్‌కు అదనంగా పెట్టే డబ్బు తిరిగొస్తుందా? ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. ఇవి అసలు ధరలు కావు, లెక్క అర్థం కావడానికి మాత్రమే.

చేత్తో తిప్పే మిషన్‌కు, హైడ్రాలిక్‌కు మధ్య తేడా 10 లక్షల రూపాయలు అనుకుందాం. కూలీ ఖర్చు, టైమ్ కలిసొచ్చి సీఎఫ్‌టీకి 20 రూపాయలు అదనంగా మిగులుతుందనుకుందాం. ఆ 10 లక్షలు రావాలంటే 50 వేల సీఎఫ్‌టీ కోయాలి. వడ్డీ దీనికి అదనం. ఏడాదికి 200 రోజుల చొప్పున మూడేళ్లు పనిచేస్తే రోజుకు 83 సీఎఫ్‌టీ. అంటే అడుగు మందం దుంగలైతే రోజూ 13, రెండడుగులవైతే మూడు నాలుగు.

అంత కట్టె ఎక్కడిది? పదడుగులకు ఒకటి చొప్పున నాటితే ఎకరాకు 435 చెట్లు. ఒక్కో చెట్టు నుంచి కోతకు పనికొచ్చేది 5 సీఎఫ్‌టీ అనుకున్నా ఎకరాకు 2,200 సీఎఫ్‌టీ దాటదు. 50 వేల సీఎఫ్‌టీ అంటే దాదాపు 23 ఎకరాల తోట కొట్టాలి! ఐదెకరాల రైతు ఒక్కడే కొంటే మిషన్ ఎక్కువ రోజులు పట్టా కప్పుకుని పడుకుంటుంది.. ఈఎంఐ మాత్రం పడుకోదు.

అందుకే ఒక్కరు కొనే కంటే పదిమంది రైతులు ఒక సంఘంగా కలిసి కొనడం, లేదా లైసెన్సున్న సామిల్లుకు దుంగలు తీసుకెళ్లి కూలికి కోయించుకుని పలకలు అమ్ముకోవడం చాలామందికి మెరుగైన దారి. మిషన్ లేకపోయినా కట్టెల రేటుకు అమ్మకుండా ఉండే మార్గం ఇదే.

కొలతల మాయ తెలుసుకోవాలి

దుంగలు కొనేటప్పుడు చాలా డిపోల్లో చుట్టుకొలతను నాలుగో వంతు చేసి లెక్క కడతారు. అడుగు మందం, 8 అడుగుల దుంగ అసలు పరిమాణం 6.28 సీఎఫ్‌టీ అయితే ఈ లెక్కలో 4.93 మాత్రమే వస్తుంది. తరుగు ముందే తీసేసినట్టన్నమాట. కాబట్టి దుంగ రేటును పలక రేటుతో పోల్చేటప్పుడు ఏ కొలత అన్నది అడగాలి.

మిషన్ బ్రోచర్లలో ఇంకో కొలత ఉంటుంది.. గంటకు ఇన్ని బోర్డ్ ఫుట్లు అని. 12 బోర్డ్ ఫుట్లు ఒక సీఎఫ్‌టీ. బ్రోచర్ అంకెను 12తో భాగిస్తేనే మన లెక్క. అది కూడా మెత్తటి కట్టె, కొత్త బ్లేడు, తేరిన చేయి ఉన్నప్పటి మాట. గట్టి తుమ్మకు అంత రాదు.

డెమోలో ఇవి చూడాలి

వుడ్‌మైజర్ లాంటి కంపెనీలకు బెంగళూరు దగ్గర కేంద్రాలున్నాయి. అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల చిల్లర దూరమే. వెళ్లేటప్పుడు తన తోట దుంగలే రెండు తీసుకెళ్లాలి. షోరూంలో పెట్టిన నిటారు దుంగను ఏ మిషనైనా బాగానే కోస్తుంది.

ట్యాంకు నిండా ఇంధనం పోయించి, గంట కోయించి, మళ్లీ నింపి చూస్తే సీఎఫ్‌టీకి ఎంత ఖర్చో తేలుతుంది. పెద్ద దుంగను సగం దాకా ఎత్తి పది నిమిషాలు అలాగే వదిలేయాలి. కిందికి జారితే సీలో, వాల్వో పోయినట్టు. సెకండ్ హ్యాండ్ మిషన్‌కు ఈ పరీక్ష తప్పనిసరి. పట్టాల వెంట దారం కట్టి చూస్తే చట్రం వంగిందో లేదో తెలుస్తుంది. మొదటి పలకను రెండు చివర్లా, మధ్యలో కొలవాలి. మందంలో తేడా ఉంటే ఎందుకో చెప్పించుకోవాలి. బ్లేడులు, బెల్టులు, సీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఎన్ని రోజుల్లో వస్తాయో రాయించుకోవాలి. కట్టె లక్షణాలు, ఎండబెట్టడం గురించి తెలుసుకోవాలంటే బెంగళూరులోనే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది.

ఈ తప్పు మాత్రం చేయొద్దు

హైడ్రాలిక్ పైపు కారుతుంటే చాలామంది చేత్తో తడిమి చూస్తారు. చాలా ప్రమాదం! సన్నటి రంధ్రం నుంచి ఒత్తిడితో వచ్చే ఆయిల్ సూదిలా చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలానే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లిపోతుంది. చేయి తీసేయాల్సిన పరిస్థితి రావొచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఒకవేళ ఆయిల్ చర్మంలోకి పోతే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లి విషయం చెప్పాలి.

బ్లేడు తెగితే కొరడాలా విసురుతుంది. కవర్లు తీసేసి నడపకూడదు, బ్లేడు తిరిగే దిశలో ఎవరూ నిలబడకూడదు. దుంగ తిప్పేటప్పుడు అవతలి వైపు మనిషి ఉండకూడదు. లుంగీ, కండువాలతో మిషన్ దగ్గరికి పోవద్దు.

ఫైనల్‌గా..

సన్నటి ప్లాంటేషన్ కట్టె, రోజుకు నాలుగైదు దుంగలు.. చేత్తో తిప్పే బ్యాండ్ మిల్లు. పెద్ద దుంగలు, రోజూ పని, పదిమంది రైతుల తోటలు.. టర్నర్, క్లాంప్ ఉన్న హైడ్రాలిక్. కదపలేని చోట పడిన మహావృక్షం.. స్వింగ్ బ్లేడు. ఐదారు చెట్లే ఉన్న రైతుకు.. లైసెన్సున్న సామిల్లులో కూలి కోత.

ఎవరికైనా మొదటి మెట్టు మాత్రం ఒక్కటే. ఈ వారమే తోటలో ఒక టేపు పట్టుకుని తిరగాలి. ఏ చెట్టు చుట్టుకొలత ఎంతో నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ పుస్తకంతో అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లాలి. అక్కడ సరే అన్నాకే షోరూం దారి పట్టాలి. కరవు సీమలో చెట్టు పెరగడానికి ఇరవై ఏళ్లు పడుతుంది.. దాన్ని తాకట్టు పెట్టి మిషన్ కొనడానికి ఒక్క సంతకం చాలు.